అక్కర్లేని మీట

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక డిసెంబరులో, విశాఖపట్నంలో జరగబోయే ఆర్కెస్ట్రా కచేరీకి నన్ను కచేరీ టెక్నీషియన్‌గా వేశారు. పియానోలు అమ్మి, అద్దెకిచ్చే సంస్థలో నా ఉద్యోగం. మా పనిలో మెట్లున్నాయి. తీగలు శ్రుతి చేసేవాడు ట్యూనర్. పియానో విప్పి లోపలి చెక్కలూ సుత్తులూ సరిచేసేవాడు టెక్నీషియన్. ఆ రెండూ చేసి, ఆఖరి చప్పట్లదాకా తెర పక్క నుంచి కదలకుండా కూర్చునేవాడు కచేరీ టెక్నీషియన్. జీతంలో పెద్ద తేడా లేదు గానీ, తిట్లు మాత్రం అన్నీ ఈ మూడోవాడికే.

మాది విశాఖలోనే వన్ టౌన్. మా నాన్న అక్కడే హార్మోనియంలు బాగుచేసేవారు. సొంత ఊళ్లో పనంటే ఒక చిక్కుంది. అందరూ తెలిసినవాళ్లే, ఎవరినీ గట్టిగా కసరలేం.

ఆ సాయంత్రం వాయించేదంతా గత శతాబ్దం మొదట్లో యూరప్‌లో రాసిన సంగీతం. ఆర్కెస్ట్రా బయటి ఊరిది. రెండో భాగంలో కాన్చెర్టో ఉంది. అంటే పియానో ఒకవైపు, ఆర్కెస్ట్రా అంతా ఒకవైపు నిలబడి వాదించుకుని, చివరికి రాజీపడినట్టు సాగే రచన. పియానో వాయించేది అరుణ. పెందుర్తి అమ్మాయి. దువ్వాడలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, ఇంట్లో ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద, ఆదివారాలు చర్చి పియానో మీద సాధన చేసి అక్కడిదాకా వచ్చింది. ఆర్కెస్ట్రాతో వాయించడం అదే మొదలు. ఇది పాడైతే మళ్లీ తనను పిలిచేవాళ్లెవరూ ఉండరని ముందురోజు రిహార్సల్ అయ్యాక నాతో అంది. తొందరపడి అన్న మాట కాదు, బాగా ఆలోచించుకుని అన్నదే.

కచేరీ రోజు పొద్దున శ్రుతి చేశాను. సముద్రపు గాలికి తీగలు ఊరుకోవు కాబట్టి హాల్లో ఏసీ ఆపొద్దని చెప్పి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి స్టేజీ మీద పియానో పెళ్లి కారులా ఉంది.

మా ఊళ్లో కొత్త లారీ అయినా, ఫ్యాక్టరీలో కొత్త యంత్రమైనా, బొట్టు పెట్టి దండ వేయనిదే పని మొదలుపెట్టరు. కచేరీ కమిటీ కార్యదర్శి రమణబాబు పియానోకి కూడా ఆ మర్యాద జరిపించాడు. ఫొటోల్లో మూత ఎత్తి ఉంటేనే అందమని మూత ఎత్తించాడు. కార్లు అలంకరించే తన స్నేహితుణ్ణి పిలిపించి, నోట్స్ పెట్టుకునే పలక పొడవునా బంతిపూలు, మల్లెదండలు పోగేయించాడు.

"ఏటి బాషా గారూ, అలా సూత్తన్నారు? పెళ్లికూతుర్లా లేదేటి?" అన్నాడు.

నేను పూల కింద చెయ్యి పెట్టి చూశాను. తడి. నా మొహం చూసి రమణబాబు గొంతు తగ్గింది. స్నేహితుడి వైపు తిరిగి, "నీళ్లు గాని సల్లీసినావేటి బావా?" అని అడిగాడు.

"సల్లకపోతే సాయంత్రానికి వాడిపోవా? తాజాగా ఉండాలన్నది నువ్వే కదా బావా!" అన్నాడతను.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ ఇద్దరి మొహాల్లో భక్తి తప్ప ఇంకేమీ లేదు. ఎవరిని తిడతాం? పూలు తీయించి, మీటలతో సహా లోపలి యంత్రాన్నంతా సొరుగులా బయటికి లాగాను.

వేలితో మీట నొక్కితే దాని వెనక ఒక చెక్క పైకి లేచి సుత్తిని తోస్తుంది. సుత్తి తీగను కొడుతుంది. ఆ చెక్కను మేం రెపిటిషన్ అంటాం. కొట్టిన వెంటనే అది కిందికి జారాలి, అప్పుడే అదే మీటను మళ్లీ కొట్టగలరు. దాని కీళ్లలో ఉన్ని గుడ్డ ఉంటుంది. తడిస్తే ఉబ్బి, చెక్క బద్ధకంగా దిగుతుంది. రమణబాబు పరుగెత్తి ఇంట్లోంచి ఒక హెయిర్ డ్రయ్యరు, పక్క వీధి బ్యూటీ పార్లర్ నుంచి ఇంకొకటి తెచ్చాడు. వేడి ఎక్కువైతే చెక్క పగులుతుంది. దూరం నుంచి, సన్నగా, ఓపిగ్గా ఆరబెట్టాలి. ఆ పని అతనే తలొంచుకుని చేశాడు. సాయంత్రానికి అన్నీ దారికొచ్చాయి, ఒక్కటి తప్ప. అది సరిగ్గా మధ్య మీట, దాని చెక్క అసలు కదలకుండా బిగుసుకుపోయింది. కాన్చెర్టో ఆఖర్లో దాన్నే టకటకా వరసగా కొట్టాలి.

విడిభాగం కోల్‌కతా నుంచి రావాలి. ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టరు మర్యాదస్తుడే. తలుపులు తెరిచేలోగా ఆ మీట బాగుపడకపోతే కాన్చెర్టో తీసేసి, ఆర్కెస్ట్రా దగ్గర సిద్ధంగా ఉన్న మరో రచన వాయిస్తామని నెమ్మదిగా చెప్పాడు. అరుణ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఒక దారి మిగిలింది. సుత్తులు ఒక్కో మీటకీ ఒక్కో కొలతలో ఉంటాయి గానీ, రెపిటిషన్లు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకటే. అక్కర్లేని మీటది తీసి మధ్య మీటకు బిగించి, తడిసినదాన్ని దాని చోట పెట్టొచ్చు. అయితే ఏ మీట అక్కర్లేదో వాయించేవాళ్లే చెప్పాలి.

"ఈ కాన్చెర్టోలో నువ్వు ముట్టుకోని మీట ఏదైనా ఉందామ్మా?" అని అడిగాను.

కళ్లు మూసుకుని మనసులోనే మొత్తం వాయించుకుంది. తర్వాత ఎడమ చివర మీట మీద, అంటే పియానోలో అన్నిటికన్నా కింది స్వరం మీద, వేలు పెట్టింది. అక్కడే కాసేపు ఉంచింది.

"ఇదొక్కటేనండి. ఇందులో ఇది లేదు. తీసీయండి."

మార్చాను. మధ్య మీటను నాకు తెలిసిన వేగాలన్నిటితో కొట్టి చూసి, కండక్టరుకు సరేనని చెప్పాను.

కచేరీ బాగా జరిగింది. కాన్చెర్టోలో మొదటి భాగం ఆగగానే మనవాళ్లు రచన మొత్తం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. కండక్టరు నవ్వి ఊరుకున్నాడు. ఆఖరి భాగంలో ఆ టకటకలు వచ్చినప్పుడు కొట్టిన ప్రతిసారీ మీట పలికింది. జనం లేచి నిలబడ్డారు. వెనక వరసల్లోంచి వన్స్ మోర్ అని కేకలు. అలాంటప్పుడు పియానో కళాకారులు ఒంటరిగా చిన్న ముక్క ఒకటి వాయించడం ఆనవాయితీ. అరుణ రెండుసార్లు వచ్చి, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. అలిసిపోయిందనుకున్నాను. సందు దొరికిందే చాలని రమణబాబు శాలువాతో, మైకుతో స్టేజీ ఎక్కాడు.

మర్నాడు పొద్దున ఆ తడి రెపిటిషన్ ఆరింది. దేని చోట దాన్ని బిగించి, సామాను సర్దుతుంటే అరుణ వచ్చింది. కింది మీట పనిచేస్తోందా అని అడిగి, కూర్చుని ఒక చిన్న ముక్క వాయించింది. తను రాసుకున్నదే. చివర్లో ఆ కింది మీటను మూడుసార్లు, ఒక్కోసారి మోత పూర్తిగా సద్దుమణిగేదాకా ఆగి, నొక్కింది. ఈ ఊళ్లో పుట్టినవాడికి అదేమిటో చెప్పక్కర్లేదు. రేవు వదిలే ఓడ కూత.

రాత్రి ఇదెందుకు వాయించలేదని అడగబోయి, నాకే అర్థమై ఆగిపోయాను.

"నాన్న పోర్టులో క్రేన్ నడిపేవోరండి," అంది. "ఆ కాన్చెర్టో ఆయనకి ఎక్కదు. ఆఖర్న ఇది వాయిత్తానని సెప్పి తీసుకొచ్చాను. ముందు వరసలో కూకున్నారు."

"ఏమన్నారు?"

"'ఓడ రానేదేటమ్మా?' అన్నారండి."

నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. నేను అడిగింది కాన్చెర్టో గురించే కదా అంది. అందులో తప్పేమీ లేదు.

ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు ఒక నియమం పెట్టాను. ఏదైనా భాగం తీయాల్సి వస్తే, ఈ రచనలో ఏది అక్కర్లేదని అడిగి ఊరుకోకూడదు. చప్పట్ల తర్వాత ఏం వాయిస్తారని కూడా అడగాలి. అవసరంలో ఉన్న మనిషి తనకు బాగా కావలసినదాన్ని కూడా అక్కర్లేదనే చెబుతుంది. తర్వాత ఆ కాన్చెర్టో నోట్స్ తెప్పించుకుని చూశాను. కింది నుంచి రెండో మీట అందులో ఒకే ఒక్కచోట ఉంది, అదీ ఆర్కెస్ట్రా మొత్తం హోరెత్తే చోట. దాని రెపిటిషన్ తీసి ఉంటే, అక్కడ అది పలకకపోయినా హాల్లో ఎవరికీ తెలిసేది కాదు.