హైడెల్‌బర్గ్ నుంచి ఫ్రైబర్గ్‌కు, కారవాన్‌కు కొత్త బ్రేకుతో

కారు వెనక కట్టిన కారవాన్, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు, ఊగడం మొదలుపెడితే, స్టీరింగ్ చేతిలో ఉన్నా బండి మన చేతిలో ఉండదు. ఈ సంగతి నాకు మే నెలలో తెలిసింది. బోడెన్‌జే సరస్సు చూసి హైడెల్‌బర్గ్‌కు తిరిగి వస్తున్నాం. ఏ8 ఆటోబాన్ మీద ప్ఫోర్ట్స్‌హైమ్ దగ్గర రోడ్డు బాగా పల్లానికి దిగుతుంది. నేనే నడుపుతున్నాను. మా కారవాన్‌కు వంద కిలోమీటర్ల వేగం దాకా అనుమతి ఉంది, నేను తొంభైలో ఉన్నాను. ఎడమవైపు నుంచి ఒక పెద్ద బస్సు దాటిపోయింది. ఆ గాలి విసురుకు కారవాన్ కొద్దిగా కుడికి జరిగింది, తర్వాత ఎడమకు, తర్వాత ఇంకాస్త ఎక్కువగా కుడికి. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా బిగించి పట్టుకుని, బ్రేకు గట్టిగా తొక్కాను. నాలుగైదు ఊపుల తర్వాత బండి నిలదొక్కుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వెనక సీట్లో ఉన్న మా ఏడేళ్ల పాప అన్వి వెక్కివెక్కి ఏడుస్తూ, "అమ్మా, డు నిష్ట్ మేర్!" అంది. ఇక నువ్వు నడపొద్దని దానర్థం. ఆ తర్వాత రెండు నెలలు కారవాన్ కట్టిన కారు నేను ముట్టుకోలేదు.

మా ఆయన శ్రీకాంత్ కారవాన్‌ను అమ్మేద్దామన్నాడు. "మనకెందుకు ఈ రిస్కు? రైలెక్కి పోదాం, హోటల్ల ఉందాం," అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. కానీ నాకు అలా వదిలేయడం ఇష్టం లేకపోయింది. నేను ఇక్కడ ఒక పరిశోధనశాలలో కొలత పరికరాలతో పని చేస్తాను. ఏదైనా చెడితే ఎందుకు చెడిందో తెలుసుకోనిదే నాకు నిద్ర పట్టదు. సాయంత్రాలు కూర్చుని ట్రెయిలర్ బ్రేకుల గురించి చదివాను. అమెరికాలో డ్రైవరు పక్కన చిన్న పెట్టె ఒకటి బిగిస్తారని, దానికున్న మీట నొక్కితే వెనక బండి బ్రేకులు మాత్రమే పడతాయని చదివి, నాకూ అలాంటిదే కావాలనుకున్నాను. ఈలోగా దేశం తూర్పు కొసన ఉన్న ఫ్రైబర్గ్‌లో మెటీరియల్స్ సైన్స్ చదువుతున్న మా తమ్ముడు ప్రణయ్ ఫోన్ చేశాడు. సోమవారం మాస్టర్స్ థీసిస్ ప్రజెంటేషన్, మీరంతా రావాల్సిందే అన్నాడు. వాడి గది నలుగురు నిలబడేంత కూడా ఉండదు. కారవాన్‌లో వెళ్తే ఊరి బయట క్యాంపింగ్‌లో దిగి, వాడి స్నేహితులకు వండి పెట్టొచ్చు. ప్రయాణానికి ముందే బ్రేకు సంగతి తేల్చాలనుకున్నాను. హైడెల్‌బర్గ్ చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో శరదృతువు దాకా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, లేదు. శ్రీకాంత్ ఆఫీసు ఉన్న ఎష్‌బోర్న్ దగ్గర ఒక చిన్న వర్క్‌షాపులో మాత్రం శుక్రవారం పొద్దున దొరికింది. అది ఫ్రైబర్గ్ దారికి దగ్గరే కాబట్టి సామానంతా సర్దుకుని తెల్లవారాక బయల్దేరాం. అప్పుడు శ్రీకాంతే నడిపాడు.

ఎనిమిదింటికి వర్క్‌షాపు చేరాం. యజమాని పేరు బ్రిగిట్టె, యాభై దాటిన మనిషి, తనూ ఏటా కారవాన్‌లో ఉత్తర సముద్రం దాకా వెళ్తుందట. నేను మేలో జరిగిందీ, అమెరికా పెట్టె గురించీ చెబితే ఓపికగా విన్నది. "అది కరెంటుతో పనిచేసే బ్రేకులున్న బండ్లకు. మీ బండికి ఉన్నది ఔఫ్‌లౌఫ్ బ్రేకు. కారు వేగం తగ్గగానే కారవాన్ ముందుకు తోసుకొస్తుంది కదా, ఆ తోపుడుతోనే దాని బ్రేకులు పడతాయి. దానికి ఆ పెట్టె కలపలేం," అంది. మరి మాలాంటి వాళ్లు ఏం పెట్టించుకోవాలని అడిగాను. రెండు రకాలు చూపించింది. మొదటిది ఇరుసు దగ్గర బిగించేది. కారవాన్ అటూ ఇటూ ఊగడం పసిగట్టి తనంతట తానే రెండు చక్రాల బ్రేకులూ ఒకేసారి లాగుతుంది. రెండోది కుడి చక్రాన్నీ ఎడమ చక్రాన్నీ విడివిడిగా పడుతుంది, ఖరీదు ఎక్కువ. ఏది కొన్నా కారవాన్ కాగితాల్లో రాసిన బరువుకు సరిపోయే మోడలే తీసుకోవాలట. తక్కువ బరువుకు చేసింది పెద్ద బండిని ఆపలేదు, ఎక్కువ బరువుకు చేసింది చిన్న బండి చక్రాలను బిగదీసేస్తుంది. మాది పదిహేను వందల కిలోల బండి. మొదటి రకమే చాలనుకున్నాం. బిగింపుతో కలిపి వెయ్యి యూరోల చుట్టూ అయింది.

కొత్తది పెట్టే ముందు ఉన్న బ్రేకులు సరిచేయాలని బ్రిగిట్టె కారవాన్‌ను జాకీ మీదకెత్తింది. ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పి చూసింది. ఒకటి తేలిగ్గా తిరిగింది, రెండోది రాసుకుంటూ తిరిగింది. రెండూ ఒకేలా పట్టకపోతే కొత్త పరికరం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుందట. అది సరిచేసి, పరికరం బిగించి, కారుకు ప్లగ్గు కలిపేసరికి పదకొండు దాటింది. ప్లగ్గు పెట్టగానే పరికరం ఒకసారి బ్రేకు కడ్డీని లాగి వదలాలి, కింద టక్‌మని చప్పుడు రావాలి, ముందున్న చిన్న దీపం పచ్చగా వెలగాలి, ఎర్రగా వెలిగితే లోపమున్నట్టు. చప్పుడు రాలేదు. దీపం అసలు వెలగనే లేదు.

"పరికరంలోనే లోపమేమో. వెనక్కి పంపి కొత్తది తెప్పించాలి, వారం పడుతుంది," అంది ఆమె. శ్రీకాంత్ నా వైపు చూశాడు. ఇక కారవాన్ ఇక్కడే వదిలి రైల్లో పోదామని ఆ చూపు. నాకు మాత్రం ఆ వెలగని దీపం మీద అనుమానం వచ్చింది. పరిశోధనశాలలో పరికరాలు అలా చేస్తే మేం ముందు చూసేది కరెంటునే. "సాకెట్‌లో కరెంటు వస్తోందో లేదో కొలుద్దామా?" అన్నాను. మీటరు తెచ్చాం. లైట్లకు వచ్చే కరెంటు బాగానే ఉంది. ఎప్పుడూ పారుతూ ఉండాల్సిన రంధ్రంలో మాత్రం సున్నా. మా కారుకు హుక్కు బిగించిన పాత యజమాని ఆ తీగకు ఫ్యూజే పెట్టించలేదు. బ్రిగిట్టె పెద్దగా నవ్వి, "నేను పరికరాన్ని తిట్టుకుంటున్నాను, పాపం," అంది. ఫ్యూజు పెట్టి ప్లగ్గు కలిపింది. టక్. పచ్చ దీపం.

డబ్బు కట్టి బయల్దేరబోతుంటే ఆపింది. "ష్టూట్స్‌లాస్ట్ ఎంతుంది?" అంది. కారు హుక్కు మీద కారవాన్ ముక్కు మోపే బరువు అది. మేమెప్పుడూ తూచలేదు. తూచితే ఇరవై కిలోలు. మా కారు డెబ్బై అయిదు దాకా మోయగలదు. తలుపు తీసి లోపల చూసింది. మా కారవాన్‌లో వంటగది చిట్టచివర ఉంటుంది కాబట్టి బియ్యం బస్తా, నిండా నీళ్లున్న ట్యాంకు, మడిచిన గుడారం, దోసెల పిండి కోసం తీసుకున్న వెట్ గ్రైండర్ అన్నీ అక్కడే ఉన్నాయి. గ్రైండర్ రాయి ఎత్తబోయి, "ఇదేమిటి, లంగరా?" అంది. ముగ్గురం కలిసి బరువులన్నీ ఇరుసు మీదకు, మధ్యకు జరిపాం. నీళ్లు వదిలేశాం. ఈసారి అరవై ఎనిమిది. "మేలో ఊగింది ఇందుకే అయ్యుండొచ్చు. ఈ పరికరం ఊగే బండిని ఆపుతుంది. ఊగకుండా చూసుకోవాల్సింది మీరే," అంది. ఒకసారి ఖాళీ రోడ్డు మీద ఊపి చూడొచ్చా అని అడిగితే గట్టిగా తల అడ్డంగా ఊపింది. "అస్సలు వద్దు. ఆ చప్పుడు, ఆ దీపం, అంతే మీకు పరీక్ష."

మధ్యాహ్నం ఒంటిగంటకు వర్క్‌షాపు గేటు దగ్గర శ్రీకాంత్ తాళం చెవులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు నడుపుతవా?" అన్నాడు.

"నడుపుత."

"తొందరేం లేదు. వచ్చేటప్పుడు నడుపు."

"ఇప్పుడు గాకుంటే ఇంకెప్పుడూ నడపను శ్రీకాంత్."

అతను తాళం చెవులు నా చేతిలో పెట్టాడు. అన్వి కారెక్కనంది. దాని చేయి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లి ప్లగ్గు తీసి మళ్లీ పెట్టాను. టక్‌మంది, దీపం వెలిగింది. "ఉండ్ వెన్ రోట్?" అంది. ఎర్రగా వెలిగితే ఏంటని. "ఎర్రగైతే మనం పోము, ఎవరు నడిపినా సరే," అన్నాను. "ఓకే. అబర్ లాంగ్‌సామ్," అంది. మెల్లగా పోవాలని షరతు.

ఎష్‌బోర్న్ నుంచి ఫ్రైబర్గ్‌కు ఏ5 మీద ఉత్తరానికి వెళ్లి, కిర్ష్‌హైమ్ దగ్గర ఏ4 అందుకుని తూర్పుకు తిరగాలి. కారవాన్‌తో, విరామాలతో కలిపి ఆరేడు గంటలు పడుతుంది. ఆల్స్‌ఫెల్డ్ దాటాక రింబెర్గ్ కొండ దిగుడు వస్తుందని నాకు ముందే తెలుసు. ఎనభైకి దించి కుడి వరుసలో ఉన్నాను. సరిగ్గా అక్కడే ఒక బస్సు మమ్మల్ని దాటింది. శ్రీకాంత్ తలుపు పైనున్న పిడి పట్టుకున్నాడు. అద్దంలో కారవాన్ చిన్నగా కదిలి, ఊరుకుంది. అంతే. కొండ దిగాక మొదటి విశ్రాంతి స్థలంలో ఆపి పులిహోర తిన్నాం. స్టీరింగ్ పట్టి పట్టి నా వేళ్లు నొప్పి పుట్టాయి.

ఐజెనాఖ్ దాటాక ఒక వంతెన మీద పక్కగాలి కొట్టింది. కారవాన్ ఊగింది, ఒకసారి, రెండోసారి. నేను బ్రేకు మీద కాలు పెట్టేలోపే వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగినట్టు కారు ఒక్క క్షణం బరువెక్కింది. తర్వాత తిన్నగా సాగిపోయింది. "అదేనా?" అన్నాడు శ్రీకాంత్. "అదే," అన్నాను. వెనక నుంచి ఏడుపు వస్తుందేమోనని చెవులు రిక్కించాను. అన్వి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కథ వింటోంది, దానికి తెలియనే లేదు. యేనా దాటాక బండి శ్రీకాంత్‌కు ఇచ్చేశాను. భయంతో కాదు, నడుము నొప్పితో.

ఫ్రైబర్గ్ క్యాంపింగ్ చేరేసరికి ఇంకా వెలుతురుంది. ప్రణయ్ సైకిల్ మీద వచ్చి గేటు దగ్గరే కాపు కాస్తున్నాడు. "అక్కా, ఇంత లేటైతే ఎట్ల? మా దోస్తులంత దోసెలని కలవరిస్తున్నరు," అన్నాడు. సోమవారం వాడి ప్రజెంటేషన్ బాగా జరిగింది. ఆ సాయంత్రం కారవాన్ ముందు గుడారం కింద పదిమంది విద్యార్థులు దోసెలు తిన్నారు.

ఆ పరికరం లేకపోతే ఆ వంతెన మీద ఏమయ్యేదో నాకు తెలియదు. బరువులు సర్దుకున్నాం కాబట్టి బహుశా ఏమీ అయ్యేది కాదు. రెండింటిలో ఏది కాపాడిందో తేల్చే కొలత నా దగ్గర లేదు, అలా తేలకుండా ఉండటానికి నేను అలవాటు పడుతున్నాను. భయం పోయిందని కూడా చెప్పను. పల్లం కనిపిస్తే ఇప్పటికీ ముందే ఎనభైకి దించేస్తాను. కానీ మేలో ఆ భయానికి పేరు లేదు, అందుకే నన్ను నేనే అనుమానించుకున్నాను. ఇప్పుడు దానిలో గాలి ఎంత, బరువు ఎంత, వేగం ఎంత అని విడదీసి చూడగలను. తిరుగు ప్రయాణంలో వానలో నేనే నడిపాను. ఎర్‌ఫుర్ట్ రాకముందే శ్రీకాంత్ నిద్రపోయాడు.

మీరూ ఇలాంటి పరికరం పెట్టించుకోవాలనుకుంటే ఒక్క సలహా. కొనే ముందే, మామూలుగా తీసుకెళ్లే సామానంతా కారవాన్‌లో నింపి, హుక్కు మీద పడే బరువు తూచండి. ఖాళీ బండిని తూచి లాభం లేదు, మీ బియ్యం బస్తా కూడా అందులో ఉండాలి.