బూడిద రంగులో తెరుచుకునే పేజీ

మా ఊరి హైస్కూలు లెక్కల సారు పోయారు. నల్లగొండ దవాఖానకు చేరేలోపే గుండె ఆగిందట. ఆ ఉదయం నేను ట్యాంకు కింద వాల్వు తిప్పుతుంటే బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు చెప్పారు. వాల్వు సగంలో ఆపి, మళ్ళీ తిప్పాను. నీళ్ళు ఆపడానికి లేదు.

నేను ఊరికి నీళ్ళు వదిలే మనిషిని. ఏడో తరగతి దాకా చదివాను. మాట్లాడటం తక్కువ, రాయడం ఇంకా తక్కువ. సారు గురించి నాలుగు మాటలు రాయమని బడివాళ్ళు అడిగితే కాదనలేకపోయాను.

సారుది మర్రిగూడ వైపే. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడు నీళ్ళకు ఎడమ మోకాలు బిగుసుకుపోయి, కాలు ఈడుస్తూ నడిచేవారు. ఎక్కడికి వెళ్ళినా, పెళ్ళిలో కూడా, గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూసేవారు. "చూస్తే ఏం కనబడది కాకా. అయినా చూడకుంటే మనసొప్పది" అనేవారు.

పైపులో నది నీళ్ళు రాని రోజు, ఊరికున్న రెండు బోర్లలో ఒకదానితో నేను ట్యాంకు నింపాలి. ఏ బోరు మంచిదో చెప్పేది సారే. బోరు నీళ్ళు చిన్న పరీక్ష సీసాలో పోసి మరుసటి రోజు చూసేవారు. నల్లబడితే మురికి కలిసినట్టు. ఆ సంగతి బడి కంప్యూటరులో ఎక్కిస్తే నా ఫోనులో ఒక పేజీలో కనిపించేది. మంచి బోరు పచ్చగా, చెడ్డది ఎర్రగా, కింద నాకోసం సారు రాసిన ఒక మాట. ఆ పేజీ సారు సొంతంగా తయారుచేసిందే.

మొదట్లో అది తెరిచినప్పుడల్లా నెట్‌కు పోయి కొత్త సంగతి తెచ్చుకునేది. మోటరు గది గుట్ట వెనక ఉంది. అక్కడ సిగ్నలు ఒక్క గీత. ఫోనులో చక్రం తిరుగుతూనే ఉండేది, బిందెల వరుస పెరుగుతూనే ఉండేది.

"ఏంది బావా, నీ ఫోనే నీళ్ళు తోడుతాందా?" అందొకామె. తక్కినవాళ్ళు నవ్వారు.

ఆ సిగ్గుకు సారు దగ్గరికి పోయాను. "జర తొందరగ తెరుచుకునేటట్టు చేయండి సారూ" అన్నాను. ఆయన్ని నేను అడిగింది ఆ ఒక్కటే. చేశారు. అప్పటినుంచి వేలు పెట్టగానే పేజీ వచ్చేది, ఫోనులో దాచుకున్న పాత సంగతితో. నెట్‌కు పోవాలంటే కింద "ఇవ్వాల్టిది" అనే మీట నొక్కాలి. సారు చూపించారు, నేను తలూపాను. కొన్నాళ్ళకు నొక్కడం మానేశాను. ఎదురుగా పచ్చ కనిపిస్తుంటే ఇంకేం నొక్కుతాను?

వానలు పడిన వారం పైపు నీళ్ళు రాలేదు. పేజీ తెరిస్తే రెండో బోరు పచ్చ. మోటరు వేశాను. ట్యాంకు సగం నిండాక ఆడపిల్లల హాస్టలు వాల్వు తిప్పాను. అప్పుడే గుట్ట మలుపులో సారు కనిపించారు, కాలు ఈడుస్తూ, చెయ్యి ఊపుతూ.

"రెండో బోరు నడుస్తాందా కాకా?"

"అవు సారూ. పచ్చ ఉన్నది."

"పొద్దుగాల సీసా నల్లబడ్డది! ఎర్రగ పెట్టిన గద! బందువెట్టు!"

మోటరు ఆపి, వాల్వు మూశాను. కానీ వదిలిన నీళ్ళు అప్పటికే హాస్టలుకు చేరి ఉంటాయి. వార్డెను ఫోను కలవలేదు. "నా కాలుతోని కాదు, నువ్వు ఉరుకు" అన్నారు సారు.

ఉరికాను. జన్మలో గొంతెత్తనివాణ్ణి, గేటు దగ్గరినుంచే అరిచాను. "తాగకుండ్రి బిడ్డా! నీళ్ళు తాగకుండ్రి!"

డ్రమ్ము దగ్గర ఒక పిల్ల పెదవుల దాకా తెచ్చిన గ్లాసు ఆపింది.

"ఎవరన్న తాగినరా?"

"లే తాతా. ఇప్పుడే ముంచిన."

"నీకు గింత గొంతున్నదా తాతా!" అంది పక్క పిల్ల. అందరూ నవ్వారు. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను.

డ్రమ్ము ఒంపేస్తుండగా సారు వచ్చారు. "మీట నొక్కలే సారూ. తప్పు నాదే" అన్నాను.

"నీది కాదు. పాతదాన్ని పచ్చగ చూపెట్టింది నేను. ఎవ్వలైనా నమ్ముతరు."

మళ్ళీ మొదటిలాగే చేస్తారనుకున్నాను. "గట్ల చేస్తే సిగ్నలు లేనినాడు నీకు ఏమీ కనబడది" అని రెండు రోజులు ఆలోచించారు. తర్వాత పేజీ ఎప్పటిలాగే వెంటనే తెరుచుకుంది, కానీ బూడిద రంగులో. పైన ఏనాటి సంగతో పెద్ద అక్షరాలతో తేదీ. మీట నొక్కి నెట్ నుంచి తెచ్చుకుంటేనే పచ్చో ఎరుపో వస్తుంది. నెట్ రాకపోతే ఫోను చేసి అడగాలి. "రంగు లేనిదాన్ని నమ్మకు కాకా. నేను రాసిందైనా సరే" అన్నారు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరు ఏ కబురు చెప్పినా "ఏనాటి మాట?" అని అడగడం ఆయనకు అలవాటైంది.

ఇప్పుడు సీసాలు చూసే పని సైన్సు మేడం తీసుకున్నారు. మొన్న మళ్ళీ పైపు నీళ్ళు రాలేదు. మోటరు గదిలో పేజీ తెరిచాను. వెంటనే వచ్చింది, బూడిద రంగులో. పైన సారు చివరిసారి ఎక్కించిన తేదీ. కింద ఆయన మాట: "రెండో బోరు మంచిగున్నది కాకా." మీట నొక్కితే అది పోయి, మేడం రాసింది వస్తుంది.

బయట బిందెల చప్పుడు. హాస్టలు పిల్లలు బడి నుంచి వచ్చే వేళ. నా వేలు కాసేపు ఆగింది. నొక్కాను.

సిగ్నలు ఒక్క గీతే. చక్రం తిరిగినంతసేపూ ఆ బూడిద అక్షరాలు అట్లాగే ఉన్నాయి. ఆ ఒక్కసారి నేను తొందరపడలేదు.