తెరిచి చూసినవా అని అడిగే అక్క

సోమవారం పొద్దున సుబేదారిలో ఆటో దిగుతుంటే ఫోన్ మోగింది. అక్క వాళ్ల చెల్లెలు. నిన్న మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న అక్క మళ్లీ లేవలేదని, గుండె ఆగిపోయిందని, ఇవాళ సాయంత్రం మట్టెవాడలో ఇంటి దగ్గర ప్రార్థన పెట్టుకున్నామని చెప్పింది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన గొంతు. వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. పనిలోకి వెళ్లబుద్ధి కాలేదు. దవాఖాన గేటు పక్కన అరుగు మీద కాసేపు ఊరికే కూర్చున్నాను.

అక్క నాకు తోబుట్టువు కాదు. మేము పనిచేసే ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్ల విభాగానికి పెద్ద. డాక్టర్లు మేడమ్ అనేవారు, మిగతా మా అందరికీ అక్కే. రిజిస్ట్రేషన్, ల్యాబు, మందులు, జీతాలు, అన్నీ నడిచే సాఫ్ట్‌వేర్, దాని వెనకున్న డేటాబేస్ ఆమె చూసుకునేది. అదంతా కింది అంతస్తులో ఒక ఇరుకు గదిలో పాత సర్వర్ మీద నడిచేది. ఆ గదిలో ఏసీ ఆపకూడదు. ఎండాకాలంలో బయట జనం చెమటలు కక్కుతుంటే, అక్క లోపల ఉన్ని శాలువా కప్పుకుని కూర్చునేది. పొద్దున రాగానే సర్వర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూసేది, పిల్లలకు జ్వరం చూసినట్టు.

నేను చేరిన కొత్తలో, బ్యాకప్ తీశానని చెప్పినప్పుడల్లా ఆమె ఒకటే అడిగేది.

"తీసినవ్ సరే. తెరిచి చూసినవా?"

నాకు విసుగొచ్చేది. తీసిన కాపీని ఇంకో కంప్యూటర్‌లో ఎక్కించి, నాలుగు పేర్లు వెతికి, నాలుగు రిపోర్టులు తెరిచి చూసేదాకా ఆమె ఒప్పుకునేది కాదు. తెరవని బ్యాకప్ ఉన్నట్టు కాదు, ఉందనుకున్నట్టు అనేది.

తర్వాత ఆ సర్వర్ ముసలిదైపోయింది. విడిభాగాలు దొరకడం మానేశాయి. యాజమాన్యం అంతా క్లౌడ్‌కు మార్చాలని నిర్ణయించింది. అంటే మన లెక్కలన్నీ ఎక్కడో వేరే ఊళ్లో ఒక పెద్ద కంపెనీ నడిపే యంత్రాల్లో పెట్టి, ఇక్కడి నుంచి ఇంటర్నెట్ మీద వాడుకోవడం. అక్క అడ్డు చెప్పలేదు. అందరికంటే ముందు నుంచీ అడుగుతున్నది ఆమే. పని చేసిపెట్టడానికి హైదరాబాద్ నుంచి ఇంజినీర్లు వచ్చారు. మంచివాళ్లే, గడువు మీద పరుగెత్తేవాళ్లు.

మొదటిసారి నమూనాగా కొంత డేటా పంపి చూశాం. అంకెలన్నీ సరిగానే వెళ్లాయి. పాత పేషెంట్ల తెలుగు మాత్రం పిచ్చిగీతల్లా వచ్చింది. ఒకప్పుడు మా దవాఖానలో తెలుగును ఏదో పాత ఫాంటులో కొట్టేవారు. ఆ ఫాంటు ఉంటేనే అవి అక్షరాలు, లేకపోతే ఉత్త గుర్తులు. కొత్త సాఫ్ట్‌వేర్‌కు ఆ ఫాంటు తెలియదు. పాతవి వదిలేద్దామని, వచ్చిన పేషెంటును వచ్చినట్టు కొత్తగా రాసుకోవచ్చని ఇంజినీర్లు అన్నారు. పెద్ద డాక్టరుగారికీ అదే బాగుందనిపించింది.

ఆ మీటింగులో నేనూ ఉన్నాను. అక్క శాలువా సర్దుకుని నెమ్మదిగా అంది.

"పేర్లు పోతే అడిగి మళ్ల రాసుకుంటం సార్. ఫలానా మందు పడదని ఆ తెలుగులనే రాసి ఉంది. అది పోతే ఎవర్ని అడుగుతం? సోయి లేకుంట వచ్చినోళ్లను అడుగుతమా?"

ఎంత టైం కావాలని పెద్ద డాక్టరుగారు అడిగారు. ఎంతో ఇప్పుడే చెప్పలేనంది. ఈలోపు సర్వర్ ఆగిపోతే ఎవరిది పూచీ అని ఆయన అడిగారు. నాదే అంది అక్క. ఆ మాట అన్నందుకు ఆమె ఏమీ పొంగిపోలేదు. ఇంటికి పోయే బస్సు తప్పిపోయిన మనిషిలా ఉంది ముఖం.

ఆ తర్వాతి రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ మెడ నొప్పి గుర్తొస్తుంది. పాత అక్షరాలను కొత్త అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం రాశాం. ఒత్తులు విడిపోయి వచ్చేవి, గుణింతాలు తారుమారయ్యేవి. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడేది. వార్డుల్లోని నర్సులు ఖాళీ దొరికినప్పుడు వచ్చి, పాత కేసు షీట్లు పక్కన పెట్టుకుని చదివి చెప్పేవారు. నాకు కళ్లు తిరిగినప్పుడు అక్క కుర్చీ జరిపేది. "జర కూసో. పని ఏడికి పోదు, ఈడనే ఉంటది." తను మాత్రం అరుదుగా లేచేది.

భయపడ్డది ఒక పొద్దున జరగనే జరిగింది. ఓపీ కిటకిటలాడే వేళ సర్వర్ ఆగిపోయింది. రిజిస్ట్రేషన్ దగ్గర లైను గేటు దాకా పోయింది. ఊళ్ల నుంచి తెల్లారే బయలుదేరి వచ్చినవాళ్లు, షుగర్ పరీక్షకు ఏమీ తినకుండా వచ్చినవాళ్లు అరవడం మొదలుపెట్టారు. అక్క నాకు బ్యాకప్ అప్పజెప్పి తను కౌంటర్ దగ్గరికి వెళ్లింది. చీటీల మీద పేర్లు రాస్తూ, తిట్లన్నీ తింటూ నిలబడింది. మేం తెరిచి చూసుకున్న కాపీయే కాబట్టి మధ్యాహ్నానికి వేరే యంత్రం మీద అన్నీ లేచాయి. పెద్ద డాక్టరుగారు వచ్చి, ఇదంతా అవసరమా మేడమ్ అని అడిగారు. అక్క నీళ్లు తాగి, మళ్లీ ఒత్తుల దగ్గరికి వెళ్లిపోయింది.

కొంతకాలానికి ఒక ఆదివారం అంతా క్లౌడ్‌కు వెళ్లిపోయింది, పాత తెలుగుతో సహా. ఆ రికార్డుల వల్ల ఎవరి ప్రాణమైనా నిలబడిందో లేదో నాకు తెలియదు. నిలబడినా ఎవరూ వచ్చి మాకు చెప్పరు. జరగనిదాన్ని ఎవరు చూస్తారు? కిందిగది ఖాళీ చేసి మంచాలు, పరుపులు పెట్టారు. ఇక్కడ యంత్రాలే లేనప్పుడు అంతమంది ఎందుకని విభాగాన్ని చిన్నది చేశారు. అక్కను స్టోర్స్‌కు మార్చారు. నాకు కోపమొచ్చింది. ఆమెకు రాలేదో, రావడానికి ఓపిక లేదో. "ఈడ కిటికీ ఉందే, గాలొస్తాంది" అని మాత్రం అంది. ఏడాది తిరక్కముందే ఉద్యోగం మానేసింది.

నెల కింద అక్క ఇంటికి వెళ్లి చూశాను. కాళ్లు వాచి ఉన్నాయి. తన ఒంటి సంగతి అడిగితే దాటవేసి, పుట్టింటివాళ్ల గురించి అడిగినట్టు, మన డేటా మంచిగుందా అని అడిగింది. బాగానే ఉందన్నాను. నెలనెలా బిల్లు ఎక్కువవుతోందని, ఇంకో కంపెనీ క్లౌడ్‌కు మారుద్దామని పైన మాట్లాడుకుంటున్నారని కూడా చెప్పాను. అక్క కొంచెంసేపు నన్ను చూసి, నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"మళ్లనా? మళ్ల మూట కట్టాల్నా? నాతోని కాదు తల్లీ. ఈసారి నువ్వే చూసుకో."

చూసుకుంటాను అక్కా అన్నాను.

ప్రార్థనకు చాలామంది నర్సులు వచ్చారు. హైదరాబాద్ ఇంజినీర్లలో ఒకతను బస్సెక్కి వచ్చి వెనక నిలబడ్డాడు. పాస్టరుగారు విశ్రాంతి గురించి చదివారు. నాకు మాటలు సరిగా వినబడలేదు. క్లౌడ్‌కు మారిన ఆ ఆదివారమే కళ్లముందు ఉంది.

ఆ మధ్యాహ్నం, వెళ్లిన డేటాను తెరిచి చూసే ఆఖరి పరీక్ష కూడా అయ్యాక అక్క ఇప్పుడే వస్తానని బయటికి వెళ్లింది. ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ వెళ్లాను. ఓపీ హాల్లో పేషెంట్ల బంధువుల మధ్య ఇనుప బెంచీ మీద, గోడకు తల ఆనించి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. పక్కనున్న ముసలమ్మ నన్ను చూసి వేలు పెదాలకు అడ్డం పెట్టుకుంది.

"లేపకు బిడ్డా. ఎవరి కోసం వచ్చిందో ఏమో, పాపం బాగ అలిసింది."

నేను లేపలేదు. కౌంటర్లో అమ్మాయి ఒక్కొక్క పేరే పిలుస్తోంది. పిలిచినవాళ్లు అక్క కాళ్లు తగలకుండా పక్క నుంచి తప్పుకుని లోపలికి వెళుతున్నారు.