ఇంకా ఇద్దరిని ఇమ్మని అడిగిన పెద్ద సిస్టర్

మా పెద్ద సిస్టర్, అదే మా వార్డు హెడ్ నర్సు, ఇక లేరు. పోయిన ఆదివారం జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో ఊపిరి అందక కన్నుమూశారని ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. ప్రొద్దుటూరులో, ఎమర్జెన్సీ వార్డులో, నా చెయ్యి పట్టుకొని సూది వేయడం నేర్పిన మనిషి ఆమె.

ఆమె సిగరెట్ తాగేవారు. ఆడమనిషి, నర్సు, పైగా వారం వారం చర్చికి పోయే మనిషి. వెనక ఎన్ని మాటలు అన్నారో లెక్కలేదు. అదెట్లా మొదలైందో నాకు ఆమే చెప్పారు. సింహాద్రిపురం వైపు నుంచి పురుగుల మందు తాగిన ఒక రైతును తెచ్చారట. ఆ పూట వార్డంతటికీ ఆమె ఒక్కరే. మనిషి దక్కలేదు. ఆయన తమ్ముడు దుఃఖం పట్టలేక ఆమె చెంప మీద కొట్టాడు. ఆసుపత్రి వెనక వైపుకు వస్తే అంబులెన్స్ డ్రైవర్ తన సిగరెట్ ఇచ్చాడు. ముందు వాకిట్లో అప్పటికే ఇంకో కేసు దిగుతోంది.

"రెండు దమ్ములు లాగినాక చేతులు నిలబడినాయి పాపా. ఆ పొద్దు పట్టుకునింది, ఇడవలా" అన్నారు.

ఎవరో ఫిర్యాదు చేస్తే సూపరింటెండెంట్ పిలిపించి నిలదీశారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆమె తల దించుకోలేదు.

"వార్డుకు ఇంకా ఇద్దరు సిస్టర్లను ఇయ్యండి సార్. ఈ పొద్దే మానుకుంటా."

ఆయన ఆమెను డ్యూటీకి పొమ్మన్నారు. సిస్టర్లు మాత్రం రాలేదు.

నా చేతుల్లో మొదటిసారి ఒక పసిబిడ్డ పోయిన రోజు, నాకూ ఒక సిగరెట్ ఇవ్వమని అడిగాను. ఆమె పెట్టె దాచేసి, నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి పక్కనే కూర్చున్నారు. "ఏడువు పాపా. నాకు ఏడ్చేదానికి తీరికే లేకపాయ. నువ్వట్ల కావద్దు" అన్నారు. నా ఏడుపు ఆగేదాకా లేవలేదు. ఈనాటికీ నేను సిగరెట్ ముట్టుకోలేదంటే అది ఆమె చలవే.

రిటైరై పులివెందులలో చెల్లెలి దగ్గరికి చేరాక ఆమె మళ్లీ తాగలేదు. మానడం కష్టమైందా అని అడిగితే, "డ్యూటీ దిగినాక అది గుర్తే రాలా పాపా" అని నవ్వారు. నాకెంతో సంతోషమేసింది. ఊపిరితిత్తులు అప్పటికే పాడైపోయాయని మా ఇద్దరికీ తెలియదు.

సొంతూరు తొండూరులో సమాధి చేశారు. వార్డు నుంచి ఇద్దరమే వెళ్లగలిగాం, మిగతావాళ్లకు సెలవు దొరకలేదు. ప్రార్థన ముగియకముందే వార్డుకు రమ్మని ఫోన్ వచ్చింది. నాతో వచ్చిన సిస్టర్ రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన మనిషి. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆమె తెల్లబట్టల అంచుకు సమాధి మట్టి ఇంకా అంటుకొనే ఉంది. ప్రొద్దుటూరు వచ్చేదాకా నేను లేపలేదు.