కొత్తల్లుడు చూపించిన సముద్రం

మా పదహారు రోజుల పండగ అయిన మర్నాడు, మాఘమాసంలో ఒక ఆదివారం, తెల్లవారి ఐదుంపావుకి రెండు సైకిళ్ల మీద నలుగురం పేరుపాలెం సముద్రం చూడ్డానికి బయలుదేరాం. (ఆ టైము నేను చూసింది కాదు. మా బావమరిది చేతి గడియారం చూసి చెప్పాడు. నాకప్పట్లో గడియారం చూడ్డం రాదు.) ఆ రోజుల్లో మా గోదావరి జిల్లాల్లో కొత్తల్లుడి మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. మిట్టమధ్యాహ్నం వెన్నెల బాగుందని అల్లుడంటే, "అవునండి, చల్లగా కూడా ఉంది" అని వాకిట్లో మంచం వేసేవారు. ఈ మర్యాద మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో నాకు తెలిసింది ఆ రోజే.

నిజం చెప్పేస్తాను. నాకప్పటికి అక్షరం ముక్క రాదు. సంబంధం కుదిర్చినాయన ఐదో క్లాసని చెప్పాడు. నేను కాదనలేదు. ఐదేళ్లు బడి గోడ వెనకాల గేదెల్ని కాశాను కాబట్టి మరీ అబద్ధం కాదనుకున్నాను. నా భార్య ఎనిమిది చదివింది. భీమవరానికీ మొగల్తూరుకీ మధ్య పుట్టి పెరిగి కూడా సముద్రం చూడలేదు. "ఒక్కసారి చూపిస్తారా?" అని అడిగింది. పెళ్లయ్యాక నన్ను అడిగిన మొదటి కోరిక అదే. "ఓస్, సముద్రమేగా! నేను కళ్లు మూసుకుని వెళ్తాను" అన్నాను. అప్పటికి నేను సముద్రం చూసింది క్యాలెండర్లో. ఆ మాట విని మామగారు తానూ వస్తానన్నారు. బావమరిది అప్పుడే మాస్టారి ట్రైనింగు పూర్తి చేసి ఖాళీగా ఉన్నాడు. వాడు సైకిల్ తొక్కితే వెనక క్యారియర్ మీద మామగారు, నేను తొక్కితే వెనక నా భార్య. సముద్రం చూపించకపోతే మాట పోతుంది, చదువు రాదని తెలిస్తే మొత్తం పరువే పోతుంది. ఈ రెండు భయాలనీ నేనే తొక్కుతున్నాను.

మొగల్తూరులో ఒక మామ్మ ఇడ్లీ కొట్టు దగ్గర నాలుగేసి ఇడ్లీలు తిని, ఊరు దాటి కొంత దూరం పోయాక డ్రెయిను వంతెన వచ్చింది. గట్టు వెంబడే అటో దారి, ఇటో దారి. మధ్యలో నిలువెత్తు బోర్డు. రెండు సైకిళ్లూ ఆగాయి. "అల్లుడుగారూ, ఎటంటారు?" అన్నారు మామగారు మర్యాదగా. నేను బోర్డు వంక చూశాను. బోర్డు నా వంక చూసింది. "బోర్డుల్ని నమ్మకూడదండి. ఎవడైనా తిప్పేస్తాడు. నీళ్లు అబద్ధం చెప్పవు. మురుగు నీరు ఎటు పోతే సముద్రం అటే" అని, గడ్డిపరక తుంచి డ్రెయిన్లో వేశాను. పరక నిదానంగా ఎడమవైపు పోయింది. "ఎడమకే" అన్నాను. "బావగారూ, బోర్డు మీద మరి..." అని బావమరిది నోరు తెరిచాడు. అంతలో మామగారికి గట్టిగా దగ్గొచ్చింది. వాడు "అబ్బా!" అని నడుం తడుముకున్నాడు. (ఆయన వెనకనుంచి గిల్లారని తర్వాత తెలిసింది.) "అల్లుడుగారు చెప్పాక ఇంకేంట్రా? తొక్కు" అన్నారు.

తొక్కాం. గట్టు మీద గతుకులు. నేను పెద్ద చూసినవాడిలా "అదిగో, ఉప్పుగాలి తగుల్తోంది" అంటున్నాను. "అవునండి, తగుల్తోంది" అంటున్నారు మామగారు, మధ్యమధ్య దగ్గుతూ. ఆయనకి జలుబు చేసిందనుకుని జాలిపడ్డాను కూడా. గంటన్నర తొక్కాక కొబ్బరిచెట్లు, పెంకుటిళ్లు, ఒక పాక కనబడ్డాయి. పాక ముందు ఇడ్లీ మామ్మ.

"ఏంటండీ, తిరిగొచ్చేశారు? సముద్రం లేదా అక్కడ?" అంది.

నేను నేల చూపులు చూస్తుంటే మామగారు కిందకి దిగి పంచె దులుపుకుని, "లేకేం మామ్మా! మా అల్లుడుగారికి నీ ఇడ్లీ మీద మనసు పోయింది. ఇంకో నాలుగు తిని వెళ్దామన్నారు" అన్నారు. ఆకలి లేకపోయినా తిన్నాం. గడ్డిపరక సంగతి విని మామ్మ పకపకా నవ్వింది. "పోటు వేళ డ్రెయిను వెనక్కి నడుస్తాదండీ బాబూ! మా ఊళ్లో చంటిపిల్లల్ని అడిగినా చెప్తారు." "మా అల్లుడుగారికీ తెలుసు. మాకు తెలుసో లేదోనని పరీక్ష పెట్టారు" అన్నారు మామగారు. (ఆయన ఏటా రథసప్తమికి ఆ దారినే వెళ్లి సముద్రస్నానం చేసేవారట. ఇది కూడా తర్వాత తెలిసిందే.) బావమరిది నాలుగో ఇడ్లీ నా వంక చూస్తూ నమిలాడు.

మళ్లీ వంతెన దగ్గరికొచ్చి ఈసారి కుడివైపు తిప్పాను. అంతవరకూ బాగానే ఉంది. మూడు మైళ్లు పోయేసరికి మూడు దార్ల కూడలి, మూడు చేతుల బోర్డు. పక్కన డ్రెయినూ లేదు, మనిషీ లేడు. సైకిలాపి చెమట తుడుచుకున్నాను. ఒకసారి తుడిచిందే మళ్లీ తుడిచాను. మామగారు గొంతు సవరించుకుంటున్నారు, దగ్గడానికి సిద్ధంగా. ఎండ ముదురుతోంది. ఇప్పుడు తప్పితే ఆ పిల్లకి సముద్రం లేదు, నాకు మొహం లేదు.

అప్పుడు నా వెనకనుంచి, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు, నా భార్య గొంతు వినబడింది. "పేరుపాలెం. కుడివైపు."

"నిన్నెవరడిగారే?" అన్నారు మామగారు.

"ఎవరూ అడగలేదు నాన్నా. నాకు బోర్డులు పైకి చదవడం సరదా."

"ఎప్పట్నుంచే?" అన్నాడు బావమరిది. మామగారు దగ్గారు.

చివర ఇసకలో సైకిళ్లు నడవలేదు. సరుగుడు తోట దగ్గర స్టాండు వేసి, నడిచి వెళ్లాం. సముద్రం కనపడగానే నా భార్య చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. మామగారూ కొడుకూ అటు వెళ్లాక అడిగింది.

"మీకు చదువు రాదు కదూ?"

"ఐదో క్లాసు..."

"ఏవండీ."

"రాదు."

"సరే" అని, చీర కాస్త ఎత్తిపట్టుకుని నీళ్లలోకి దిగింది. అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు. కానీ ఆ రోజునుంచీ బస్సు బోర్డు, రైలు స్టేషను పేరు, మందు సీసా మీది చీటీ, సినిమా పోస్టరు, ఏది కనపడినా పైకి చదివేది. చుట్టాలు మా ఆవిడకి వాగుడెక్కువన్నారు. అననిచ్చింది.

యాభై ఏడో ఏట, వయోజన విద్యలో అఆలు దిద్దాను. ఇప్పుడు చదువుతాను, నిదానంగా. మొన్న మా అబ్బాయి కార్లో పిఠాపురం గుడికి వెళ్తుంటే, ఆవిడ దారి పొడుగునా పంక్చర్ షాపులతో సహా చదువుతూనే ఉంది. "అమ్మా, దారి ఫోను చెప్తోందిగా" అని వాడు విసుక్కున్నాడు. నేను మాత్రం ఒక బోర్డు అప్పటికే చదివేసుకుని కూడా, "అదేం రాసుందే?" అన్నాను. ఆవిడ నా వంక ఒకసారి చూసి, చదివింది.

ఆ రోజు అక్కడున్నది మామగారు (ఇప్పుడు లేరు, ఆ దగ్గు దొంగదగ్గని పోయేదాకా ఒప్పుకోలేదు), బావమరిది (హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు, నేను రాసిన ఈ కథ కూడా వాడే దిద్దుతాడు), ఇడ్లీ మామ్మ, నా భార్య, నేను. ఆ బోర్డు చదవడం రానిది మా నలుగురిలో నాకొక్కడికే. ముగ్గురూ నా వెనకే వచ్చారు.