కత్తెరక్క కూర్చున్న రోజు

కత్తెరక్కది నిలబడి చేసే పని. కుట్టుకొట్టులో పొడవాటి బల్ల ముందు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి బట్ట కోసేది. ఆవిడ కోతకు వంక పెట్టిన మనిషి లేడు. బల్ల మీద బట్ట పరిచాక కోసేవాళ్లు కూర్చోకూడదని కొట్టులో నియమం కూడా ఆవిడే పెట్టింది. కోసిన ముక్కల్ని మిషన్ మీద కుట్టేది సొంత చెల్లెలు.

అక్క పిక్కల మీద మొదట సన్నటి నీలిగీతలు కనబడ్డాయి.

"నీలం చాక్‌పీసు అంటిందేమో, కడుక్కో" అని చెల్లెలు ఆటపట్టించింది.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ గీతలే తాళ్లలా ఉబ్బి మెలికలు తిరిగాయి. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టేవి కావు. ఆ తర్వాత చీలమండ దగ్గర చర్మం నల్లబడి దురద మొదలైంది. అక్కకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

ఎవరో బిగుతు మేజోడు వేసుకోమన్నారు. చేతిలో విద్య ఉండగా కొనడమెందుకని తనే కుట్టుకుంది. జారకుండా మోకాలి కింద గట్టి ఎలాస్టిక్ వేసి, కింద వదులుగా ఉంచింది. కుట్టుపని తెలిసిన చెయ్యి మరి, అలాగే కుడుతుంది! వారం తిరక్కుండా కాలు రెట్టింపు వాచింది. చెల్లెలు రెక్క పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ స్కాన్ చూసి, మేజోడు తిరగేసి చూసింది.

"కుట్టు ముచ్చటగా ఉందమ్మా, బిగువే తలకిందులైంది. రక్తం కిందికి జారకుండా సిరల్లో చిన్న తలుపులుంటాయి. మీకవి వదులయ్యాయి. మేజోడు చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా పట్టాలి. మీరు పైన ముడి బిగించారు. ఈ నల్లమచ్చ పగిలి పుండైతే మానడానికి నెలలు పడుతుంది, అప్పుడిక బల్ల దగ్గరికి రాలేరు. సరైన కొలత మేజోడు పొద్దున లేవగానే వేసుకోండి. నడవండి. పడుకున్నప్పుడు కాళ్లు ఎత్తులో పెట్టుకోండి. అదేపనిగా మాత్రం నిలబడకండి. సిరను మూసే చికిత్స సంగతి తర్వాత చూద్దాం."

అన్నిటికీ తలూపిన అక్క నిలబడొద్దనగానే మొహం మాడ్చుకుంది. దారంతా అదే పాట.

"కూర్చుని కోస్తే నవ్విపోతారే. నా నియమం నేనే తప్పితే ఇంకెవరు వింటారు?"

"నవ్విన నాపచేనే పండుతుందిలే అక్కా. కత్తెర వదిలేసి ఇంట్లో కూర్చుంటావా, పట్టుకుని కొట్టులో కూర్చుంటావా?"



మర్నాడు కొట్టులో అందరూ చూస్తుండగా ఎత్తు పీట ఒకటి ఈడ్చుకొచ్చి బల్ల ముందు వేసుకుంది. చెడితే తనదే చెడాలని ముందుగా తన గుడ్డే పరిచింది. చెల్లెలు మిషన్ ఆపింది. కత్తెర చంక వంపు తిరిగి, భుజం మీదుగా చివరిదాకా వచ్చింది. గీత తప్పలేదు. ఎవరూ నవ్వలేదు. నియమం పెట్టడం ఎవరికైనా చేతనవును, నలుగురిలో దాన్ని దింపి పక్కన పెట్టడానికి గుండె కావాలి. చెల్లెలికి కళ్లు చెమర్చాయి.

అక్క పీట దిగి, ముక్కలు పట్టుకుని మిషన్ దగ్గరికి నడిచొచ్చింది. ఇస్తూ ఇస్తూ వంగి చెల్లెలి పిక్క వైపు చూసింది.

"చాక్‌పీసు అంటిందా?"

చెల్లెలు గబుక్కున కాలు వెనక్కి లాక్కుంది.

"అదేపనిగా కూర్చున్నా ఇంతేనటే. లే, వీధి చివరిదాకా నడిచిరా. అందాకా నేను కూర్చుంటా."