మెడల్ బాబాయి

ఆ వీధిలో ఆయన ఇంటి నంబరు ఎవరికీ తెలియదు. మెడల్ గారిల్లు అంటే చాలు, ఎవరైనా చూపిస్తారు. ఒకప్పుడు డిగ్రీలో, వృక్షశాస్త్రంలో, యూనివర్సిటీ మొత్తానికి ఫస్టు వచ్చి బంగారు పతకం పుచ్చుకున్న మనిషి. ఆ తర్వాత ఆయన జీవితంలో చెప్పుకోదగ్గదేదీ జరగలేదు. బీమా ఆఫీసులో గుమాస్తాగా చేరాడు, గుమాస్తాగానే జుట్టు నెరిసింది. పతకం మాత్రం ముందుగదిలో అద్దాల పెట్టెలో, నెత్తిన ఒక చిన్న బల్బుతో, రాణీగారిలా కూర్చుంది. ఆయన భార్య ఇంట్లో అన్ని దీపాలూ ఆర్పుతుంది గానీ ఆ బల్బు జోలికి పోదు. పోతే ఆ పూటంతా ఉపన్యాసం.

ఆయన అన్నగారి కూతురు అదే వృక్షశాస్త్రం చదవడానికి ఆ ఇంటికి వచ్చేసరికి బాబాయికి కొత్త ఉద్యోగం దొరికినంత సంబరమైంది. వచ్చిన రోజే ఆమె బల్లని గోడకేసి తిప్పాడు. కిటికీ వైపు ఉంటే బుద్ధి బయటికి పారిపోతుందట. కోడి కంటే ముందే లేవాలి. పేరా పైకి చదవాలి, పుస్తకం మూసి అప్పజెప్పాలి. ఒక్క మాట తప్పినా మళ్ళీ మొదటికి. తోటి పిల్లలకి నోట్సు ఇవ్వకూడదు. అర్థం కాకపోతే ఏం చెయ్యాలని ఆమె అమాయకంగా అడిగింది.

"ముందు నోటికి రానీ. అర్థం దానంతటదే అవుతుంది" అన్నాడు.

ఆయనకి ఎప్పుడైందో మరి! ఆఫీసు నుంచి రాగానే చొక్కా అయినా విప్పకుండా కుర్చీలో జారబడి, కళ్ళు మూసుకుని అప్పజెప్పించుకునేవాడు. మధ్యలో "అనగా" అన్న మాట ఎగరగొడితే కళ్ళు తెరిచేవాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయేది. వంటింట్లోకి వెళ్ళి, పిన్ని ముందు కళ్ళు మూసుకుని, గొంతు బొంగురు చేసి ఆయనలా "అనగా" అనేది. పిన్ని చెంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. అయితే మార్కులు మాత్రం బాగానే వచ్చాయి. అందుకే ఎంత తిట్టుకున్నా ఆమె ఆ పద్ధతి మానలేకపోయింది. మనిషి మీద ఏవగింపు, ఆయన తెప్పించిన మార్కుల మీద మోజు. రెండూ ఒకే కంచంలో తింటూ రెండేళ్ళు గడిపింది.

చివరి ఏడు మొదలైనప్పుడు కాలేజీ వాళ్ళు బాబాయిని పిలిచారు. పాత విద్యార్థి, పతక విజేత, మంచి మార్కులు తెచ్చుకోవడం ఎలాగో పిల్లలకి నాలుగు మాటలు చెప్పాలని. కోటు ఉతికించాడు. అద్దం ముందు నిలబడి చేతులు ఎప్పుడు ఊపాలో కూడా సాధన చేశాడు.

హాల్లో ఆమె వెనక వరసలో కూర్చుంది. బాబాయి తెల్లవారుజాము గురించి చెప్పాడు, గోడ గురించి చెప్పాడు, ఏకాగ్రత గురించి చెప్పాడు. పిల్లలు ఆవలించారు. చివర్లో ముందువరస నుంచి ఒక అమ్మాయి లేచింది. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగింది.

"సార్, మా ఇంట్లో కుండీకి పొద్దున్నే నీళ్ళు పోస్తాను. మట్టి తడిగానే ఉంటుంది. అయినా మధ్యాహ్నం ఆకులు వాడిపోతాయి, సాయంత్రానికి మళ్ళీ లేస్తాయి. ఎందుకని సార్?"

బాబాయి ముఖం వెలిగింది. గొంతు సవరించుకున్నాడు. "బాష్పోత్సేకము. బాష్పోత్సేకము అనగా మొక్క తన వాయుభాగముల నుండి నీటిని ఆవిరి రూపములో కోల్పోవు ప్రక్రియ. ఇది మూడు రకములు" అని అందుకున్నాడు. మూడు రకాలూ చెప్పాడు. పత్రరంధ్రాల నిర్మాణం చెప్పాడు. అడిగిన పిల్ల నిలబడే ఉంది. జవాబు మాత్రం ఆ దారిలో ఎక్కడా తగల్లేదు. ఆయన ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి కాబోలు. అదే ఊపులో "పక్క పుటలోని పటము చూడుము" అనేశాడు.

హాలు గొల్లుమంది.

ఆమె నవ్వబోయింది. ఇన్నాళ్ళకి దొరికాడని కడుపునిండా నవ్వుదామనుకుంది. కానీ పక్క కుర్చీలోని పిల్ల ఆమెనే వింతగా చూస్తోంది. అప్పుడు తెలిసింది, బాబాయితో పాటు తన పెదవులూ కదులుతున్నాయని. పటము చూడుము దాకా ఒక్క మాట తప్పకుండా. ఆకు ఎందుకు వాడుతుందో తనకీ తెలియదు. అంతకాలం ఆయన మీద పెంచుకున్న చీదర ఒక్కసారిగా తన మీదికే తిరిగింది.

ఇంటికి వెళ్ళగానే బల్ల కిటికీ వైపు జరిపింది. కోడి కంటే ముందు లేవడం మానేసి కంటినిండా నిద్రపోయింది. పాఠం చదివి, పుస్తకం మూసి, చిత్తు కాగితం మీద సొంత మాటల్లో రాసేది. ఎక్కడ కలం ఆగిపోతే అక్కడ తనకి అర్థం కాలేదన్నమాట, మళ్ళీ అక్కడికే వెళ్ళేది. కూరలు తరుగుతున్న పిన్నికి వివరించేది. వేళ్ళు పీల్చినదానికంటే ఎక్కువ నీరు మధ్యాహ్నపు ఎండకి ఆకుల్లోంచి పోతుందని, ఎండ తగ్గాక వేళ్ళు ఆ లోటు పూడుస్తాయని చెబితే పిన్ని "అంతేనా?" అంది. పిన్ని ఆవలిస్తే మాత్రం సరిగ్గా చెప్పలేదని లెక్క. నోట్సు అడిగినవాళ్ళకల్లా ఇచ్చింది. వాళ్ళు వేసే తలతిక్క ప్రశ్నలతో తనకే కొత్త సంగతులు తెలిశాయి.

కాలేజీ పరీక్షలో మార్కులు పడిపోయాయి. పుస్తకంలో మాటలు లేవని మాస్టారు ఎర్రగీతలు గీశారు. బాబాయికి పండగే. "చెప్పానా?" అని రోజూ అన్నం దగ్గర అడిగాడు. ఆమె వంచిన తల ఎత్తకుండా తిని లేచిపోయేది. లోపల భయంగానే ఉండేది. అయినా పాత దారికి పోలేదు. పాత ప్రశ్నపత్రాలు తెచ్చి గడియారం పెట్టుకుని రాసింది. పుస్తకపు నిర్వచనం ఒక వాక్యం, కింద తన వివరణ, ఒకదానికొకటి అడ్డు రాకుండా రాయడం నేర్చుకుంది.

యూనివర్సిటీ పరీక్షల్లో ఆమెకే అందరికంటే ఎక్కువ వచ్చాయి.

బాబాయి ఫోను పట్టుకుని ఊరంతా చెప్పాడు. "మన పద్ధతే. పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను" అంటున్నాడు. సిగ్గుపడతాడేమోనని ఆమె ఎదురుగా నిలబడి చూసింది. సిగ్గు లేకపోగా చెయ్యి ఊపి నవ్వాడు.

"చెప్పుకోనీ. ఆ నోటికి ఇంకేం పనుంది?" అంది పిన్ని.

పై చదువుకి హాస్టల్లో సీటు దొరికింది. బట్టలు సర్దుకుంటుంటే బాబాయి గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరైనా వింటున్నారేమోనని వెనక్కి చూసి, గొంతు తగ్గించాడు.

"నీ మార్కులు చూసి కాలేజీ వాళ్ళు నన్ను మళ్ళీ పిలిచారు. నువ్వూ రా. ముందు వరసలో కూర్చో. ఎవరైనా ప్రశ్నలడిగితే... నువ్వు అందుకో."

అంటే తనకేమీ అర్థం కాలేదని ఆయనకీ తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ తెలిసే చేశాడన్నమాట. ఆమె బట్టలు మడతపెట్టడం ఆపి ఆయన వైపు చూసింది.

"రాను బాబాయ్. తెలియకపోతే తెలియదని చెప్పండి."

"అలా చెబితే ఇంక నాకేం మిగులుతుందే?"

ఆ మాటకి జాలి పడాలేమో అనుకుంది. ఎంత వెతుక్కున్నా జాలి దొరకలేదు. ఆయన కోటు ఉతికించాలంటూ పిన్నిని పిలుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె మిగిలిన బట్టలు మడతపెట్టి పెట్టె మూసింది.